హాంబర్గ్‌లో దేవుడు గుర్తుకు రావడం లేదన్న బాబుకి

బాబూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. విశాఖ గోపాలపట్నంలో పుట్టి పెరిగావు, ఏడాదిన్నరగా హాంబర్గ్‌లో ఎమ్మెస్ చేస్తున్నావు, వారంలో మూడు రాత్రులు గోదాములో పార్ట్‌టైమ్ పని. ఇంట్లో ఉన్నప్పుడు రోజుకి పదిసార్లు దేవుడు తలపుకి వచ్చేవాడు, అక్కడ వారాలు గడిచినా రావడం లేదు, షేరింగ్ గదిలో పటం పెట్టుకునే చోటు కూడా లేదు, నేను నాస్తికుణ్ణి అయిపోతున్నానా అని అడిగావు. చివర్లో మాత్రం ఒక్క వాక్యం రాసి వదిలేశావు, అమ్మ ఫోన్‌లో "దీపం పెట్టావా నాన్నా" అంటే "పెట్టానమ్మా" అని అబద్ధం చెబుతున్నానని. నిన్ను తినేస్తున్నది అదే అనిపించింది నాకు, దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

ముందే చెబుతున్నా, నేను స్వామీజీని కాదు, సంస్కృతం రాదు, ఉపవాసం ఉంటే మధ్యాహ్నానికి చిరాకు వచ్చే మనిషిని. 29 ఏళ్లు మర్చంట్ నేవీలో ఇంజిన్‌రూమ్‌లో పనిచేసి, చీఫ్ ఇంజినీరుగా దిగి, ఇప్పుడు పెదవాల్తేరులో ఉంటున్నాను. పుట్టింది వన్‌టౌన్‌లో, బురుజుపేట అమ్మవారి గుడికి రెండు సందుల అవతల. ఏడాదిలో తొమ్మిది నెలలు నీళ్ల మీద గడిపినవాణ్ణి కాబట్టి, దేవుడు గుర్తుకు రాకపోవడం అంటే ఏమిటో మాత్రం నాకు బాగా తెలుసు.

నువ్వు అనుకుంటున్నట్టు నీ భక్తి ఎక్కడికీ పోలేదు. అసలు ఇక్కడ ఉన్నప్పుడు దేవుణ్ణి గుర్తు పెట్టుకున్నది నువ్వు కాదు, ఊరు. పొద్దున్న మెలకువ వచ్చేసరికి పక్కింట్లో సుప్రభాతం, అమ్మ తడి జుట్టుతో తులసి దగ్గర, గోపాలపట్నం జంక్షన్లో "సింహాచలం, సింహాచలం" అని కండక్టర్ కేకలు, ఆశీలుమెట్ట దాటుతుంటే సంపత్ వినాయకుడి ముందు కొత్త బండ్ల వరస, చక్రాల కింద నిమ్మకాయలు. నా చిన్నప్పుడు మా స్కూల్లో మాస్టారు హాజరు పిలిస్తే అప్పలరాజు, అప్పలనాయుడు, అప్పలస్వామి, అప్పలనరసయ్య, సింహాచలం, సింహాద్రి... ఆయనకి తెలియకుండానే రోజూ పొద్దున్న అప్పన్న, అంటే మన సింహాచలం నరసింహస్వామి, నామార్చన అయిపోయేది. ఇంత ఊరు కలిసి నీ భుజం తట్టి గుర్తు చేస్తుంటే నువ్వు రోజుకి పదిసార్లు తలుచుకున్నావు. హాంబర్గ్‌కి ఆ పని ఏం పట్టింది? అక్కడ భుజం తట్టేది నువ్వే కావాలి, అదొక్కటే తేడా. నాస్తికత్వం దాకా వెళ్లకు, దానికి చాలా ఆలోచించాలి, నువ్వు అంత ఆలోచించినట్టు నాకు కనబడలేదు (కోపం తెచ్చుకోకు).

నా సంగతి చెబుతాను. 1989లో మొదటి షిప్ ఎక్కాను, ఫిఫ్త్ ఇంజినీరుగా, ఆయిల్ ట్యాంకరు. మా అమ్మ పెట్టెలో కుంకుమ భరిణ, రెండు కట్టల అగరొత్తులు, కర్పూరం, చిన్న ఇత్తడి కుంది సర్దింది. ట్యాంకరు మీద క్యాబిన్‌లో మంట వెలిగించడం అంటే ఉద్యోగం పోవడం ఒక్కటే కాదు, అందరి ప్రాణాలూ పోతాయి. సీనియర్ ఒకాయన నా పెట్టె చూసి కర్పూరం, అగరొత్తులు తీసుకుని, మళ్లీ దిగేటప్పుడు ఇస్తానన్నాడు. కుంకుమ మిగిలింది. బొట్టు పెట్టుకుని ఇంజిన్‌రూమ్‌లోకి దిగితే అక్కడ 45 డిగ్రీల వేడి, పది నిమిషాల్లో చెమటతో పాటు ముక్కు మీదికి జారేది. వారం తర్వాత అదీ మానేశాను. మూడు నెలలు, నిజంగా చెబుతున్నా, దేవుడన్న ఆలోచనే రాలేదు. పన్నెండు నుంచి నాలుగు వాచీ (షిప్ మీద డ్యూటీ షిఫ్టుని అలాగే అంటాం), తిండి, నిద్ర, మళ్లీ పన్నెండు నుంచి నాలుగు. ఇంటికి ఉత్తరం రాస్తే మాత్రం "రోజూ పూజ చేసుకుంటున్నాను" అని రాసేవాణ్ణి. కాబట్టి ఆ అబద్ధంలో నువ్వు నాకు జూనియర్‌వి.

మారింది ఎలాగంటే, అదేం గొప్ప అనుభవం కాదు. ఇంజిన్‌రూమ్‌లోకి దిగే మెట్లు నిటారుగా, నూనె జిడ్డుగా ఉంటాయి, ఒక రోజు జారి మోచెయ్యి కొట్టుకుపోయింది. ఆ మర్నాటి నుంచి భయంతో మెట్లు లెక్కపెట్టుకుంటూ దిగడం మొదలుపెట్టాను. పై నుంచి నేను నిలబడే చోటికి రెండు వరసలు, మొత్తం 24 మెట్లు. కొన్ని రోజులకి తట్టింది, కేశవ నామాలు కూడా ఇరవై నాలుగే కదా అని. మా తాతయ్య సంధ్యావందనంలో చెప్పుకుంటుంటే విని విని నోటికి వచ్చినవే. ఒకటి, రెండు అనే బదులు కేశవాయ నమః, నారాయణాయ నమః అనుకుంటూ దిగాను. అక్కడ ఇంజిన్ మోతకి చెవులకి మఫ్స్ పెట్టుకుంటాం, గొంతెత్తి అరిచినా పక్కవాడికి వినబడదు, సిగ్గుపడాల్సిన పని కూడా లేదు. పంతొమ్మిదో మెట్టు మీద నారసింహాయ నమః వచ్చేది. మా అప్పన్న. ఆ మెట్టు సరిగ్గా ఆయిల్ శుద్ధి చేసే ప్యూరిఫయర్ గది తలుపుకి ఎదురుగా ఉండేది, ఆ షిప్ మీద ఉన్నన్నాళ్లూ నాకు సింహాచలం కొండ అంటే అదే, వేడి ఆయిల్ వాసన కొట్టే ఇనప మెట్టు.

రోజుకి రెండు వాచీలు, రెండుసార్లు దిగడం. ఎక్కేటప్పుడు ఊపిరి సరిపోదు కాబట్టి ఏమీ అనుకునేవాణ్ణి కాదు. మొత్తం కలిపి రోజుకి ఒక నిమిషం కూడా అవ్వదు. కానీ ఆ నిమిషం మిగతా రోజులోకి ఎలా పాకిందో నాకే తెలియదు, ఒక ఏడాదికి బేరింగ్ వేడెక్కితే ముందు "ఏటి సామీ ఇది" అన్న తర్వాతే చెయ్యి వాల్వ్ మీదికి వెళ్లేది.

ఇందులో నీకు పనికొచ్చేది ఏమిటంటే, రోజూ ఎలాగూ చేసే పనికి దాన్ని కట్టాలి, విడిగా టైమ్ వెతక్కూడదు. నువ్వు పొద్దున్నే నాలుగింటికి లేచి విష్ణు సహస్రనామం మొత్తం చదవాలని పెట్టుకుని తొమ్మిదో రోజుకి ఆపేశానని రాశావు. రాత్రి గోదాము నుంచి ఒంటిగంటకి వచ్చేవాడు నాలుగింటికి లేవడమేంటి బాబూ? అప్పన్నకి చందనం కూడా ఒకేసారి పూయరు. అక్షయ తృతీయ నాడు చందనం తీసేసిన నిజరూప దర్శనం అయ్యాక మూడు మణుగులు, వైశాఖ పౌర్ణమికి మూడు, జ్యేష్ఠ పౌర్ణమికి మూడు, ఆషాఢ పౌర్ణమికి మూడు, అలా నాలుగు విడతల్లో పూర్తవుతుంది. నువ్వు మొదటి రోజే పన్నెండు మణుగులూ ఎత్తబోయావు.

ఫోన్‌లో రిమైండర్లు పెట్టుకున్నా కూడా పని చెయ్యలేదన్నావు. చెయ్యవు. ఇది నా వృత్తి కాబట్టి గట్టిగా చెప్పగలను. ఇంజిన్‌రూమ్‌లో ఒక అలారం గంటకి నాలుగుసార్లు ఊరికే మోగిందనుకో, రెండో రోజుకల్లా మనిషి ప్యానెల్ వైపు చూడకుండానే వేలితో బటన్ నొక్కి ఆపేస్తాడు. నిజంగా పెద్ద ప్రమాదం వచ్చినప్పుడు కూడా అలాగే ఆపేస్తాడు, అందుకే పనికిరాని అలారాలు తీసెయ్యమని జూనియర్లకి చెప్పేవాళ్లం. నీ ఫోన్‌లో "ఓం నమో నారాయణాయ" అని మోగే రిమైండరు కూడా అంతే, వాట్సాప్ మెసేజ్‌తో పాటు పక్కకి తోసేస్తావు. శబ్దం చెవికి అలవాటైపోతుంది. కాలో చెయ్యో చేసే పని అలా కాదు, అది ప్రతిసారీ నిన్ను లాగుతుంది. గోదాములో ప్రతి షిఫ్టుకీ ముందు గ్లవ్స్ వేసుకుంటావు కదా, కుడిచెయ్యి గ్లవ్ వేసుకునేటప్పుడు ఒక పేరు. మెట్రోలో రెండు స్టేషన్ల మధ్య, ఎప్పుడూ అవే రెండు స్టేషన్లు, ఫోన్ జేబులో పెట్టి కిటికీలోంచి చూస్తూ. కాఫీ మొదటి గుక్కకి ముందు. ఇందులో ఏదో ఒకటే తీసుకో, మూడూ కాదు. కుర్రాళ్లు కొందరు పాస్‌వర్డ్‌గా దేవుడి పేరు పెట్టుకుంటారు, రోజుకి ఇరవైసార్లు టైప్ చేస్తాం కదా అని. తెలివైన ఆలోచనే కానీ విశాఖ వాళ్ల పాస్‌వర్డ్ అప్పన్న అని ప్రపంచంలో ఎవరైనా ఊహిస్తారు, వద్దు.

ఇక పనిలో ఉండగా దేవుణ్ణి తలుచుకుంటే అది అసలు పూజేనా అన్నావు. మనకి ఈ విషయంలో ప్రహ్లాదుడి కంటే పెద్ద సాక్షి ఎవరు? సముద్రంలో పారేసి పైన కొండ వెయ్యబోతే స్వామి వచ్చి కాపాడాడని, ఆ కొండే మన సింహాద్రి అని స్థలపురాణం. చిన్నప్పుడు అందరం విన్నదే. కానీ పోతన గారు ఆ పిల్లాడి గురించి ఏమన్నారో చూడు, నీళ్లు తాగుతూ, అన్నం తింటూ, మాట్లాడుతూ, నవ్వుతూ, నిద్రపోతూ, తిరుగుతూ కూడా నారాయణుడి పాదాల మీదే మనసు పెట్టాడని. అక్కడ పూజగది మాటే లేదు. ఉన్నదంతా హాస్టల్ కుర్రాడి దినచర్య. ఉండటం కూడా హాస్టల్లాంటి చోటే కదా, చండామార్కుల దగ్గర, ఆ పేరు ఎత్తితేనే వీపు పగిలే ఇంట్లో. నీ ఫ్లాట్‌మేట్లు పాపం చండామార్కులు కాదు, నువ్వు ఏం తలుచుకున్నా పట్టించుకోరు.

చోటు సంగతి. పద్నాలుగు చదరపు మీటర్ల గదిలో ఇద్దరు ఉంటే మందిరం ఎక్కడ పెడతావు, నిజమే. మా బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారికి పైకప్పే లేదు, చూశావు కదా. ఎండా వానా ఆవిడ మీదే. పూజారి కోసం చూడక్కర్లేదు, ఎవరి చేత్తో వాళ్లే పసుపు కుంకుమ వేసుకోవచ్చు. మార్గశిర గురువారాల్లో తెల్లవారకుండానే మా సందంతా పసుపు నీళ్లతో తడిసిపోయేది, మా అమ్మ నన్ను చంకనేసుకుని క్యూలో నిలబడేదట. అంత మహాలక్ష్మి కప్పు లేకుండా కూర్చుంటే, నీ గదిలో షెల్ఫు లేదని దేవుడు నీ మీద అలుగుతాడా? పర్సులో చిన్న పటం చాలు. అది కూడా లేకపోయినా చాలు.

మీ హాంబర్గ్‌లోనే రేవు దగ్గర డక్‌డాల్బెన్ అని నావికుల క్లబ్బు ఉంది, 1986 నుంచి నడుస్తోంది, అక్కడ ప్రార్థన గది ఒకటి ఉంటుంది. ఒకటే గది, రకరకాల మతాల వాళ్లకి తలో మూల. నేను చివరిసారి వెళ్లినప్పుడు మన మూలలో కూర్చున్నాను, పక్క మూలలో ఒక ఫిలిప్పీన్స్ కుర్రాడు మోకాళ్ల మీద ఉండి వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. ఏం జరిగిందో నేను అడగలేదు. బయటికి వచ్చాక ఇద్దరం కలిసి కాఫీ తాగాం, ఫుట్‌బాల్ గురించి మాట్లాడుకున్నాం.

గుడి కావాలనిపిస్తే మీ ఊళ్లో అఫ్గాన్ హిందువులు నడుపుకునే మందిరం ఉంది, దేశం వదిలి వచ్చినవాళ్లు, దూరంలో దేవుణ్ణి ఎలా నిలబెట్టుకోవాలో మనకంటే వాళ్లకే ఎక్కువ తెలుసు. హామ్ ఊళ్లో శ్రీలంక తమిళులు కట్టిన కామాక్షి అమ్మవారి గుడి ఉంది, 2002లో కుంభాభిషేకం జరిగింది, దక్షిణాది గోపురం చూడాలని మనసు పీకితే ఒకసారి రైలెక్కు. కానీ నెలకోసారి గుడికి వెళ్లి ఆ నెల బాకీ తీర్చేశాననుకుంటే నువ్వు అడిగిన ప్రశ్న అలాగే ఉంటుంది.

తిథుల గురించి అడిగావు, అమ్మ చెప్పిన రోజా, అక్కడి రోజా అని. తిథి అంటే సూర్యుడికీ చంద్రుడికీ మధ్య దూరం 12 డిగ్రీలు పెరగడానికి పట్టే సమయం, అది 19 నుంచి 26 గంటల దాకా ఉంటుంది. అది మొదలయ్యే క్షణం ప్రపంచమంతా ఒకటే, సూర్యోదయం మాత్రం ఊరిని బట్టి మారుతుంది, సూర్యోదయానికి ఏ తిథి ఉందో చూసి చాలా పండగలు నిర్ణయిస్తారు. డిసెంబరులో మీకు ఎనిమిదిన్నరకి తెల్లారేసరికి ఇక్కడ మధ్యాహ్నం ఒంటిగంట, అంటే మన సూర్యోదయం అయ్యి ఆరున్నర గంటలు దాటిపోయింది, ఈలోపు తిథి మారిపోయి ఉండొచ్చు. అందుకే ఇక్కడి క్యాలెండరు అక్కడ గోడకి తగిలిస్తే ఒక్కోసారి కుదరదు. ఏకాదశి ఉపవాసం లాంటివి చేస్తే ఆ ఊరి పంచాంగం చూసుకో, ఇంట్లోవాళ్లతో పాటు పండగ చేసుకోవాలనుంటే వాళ్ల రోజే నీ రోజు. నా పద్ధతి అది, పండితులు వేరే చెబితే వాళ్లతో వాదించను. షిప్ మీద గడియారం రాత్రికి రాత్రి గంట ముందుకో వెనక్కో జరిపేవాళ్లం, తేదీ రేఖ దాటితే ఒక రోజే మాయం, ఒకసారి మాకు శనివారం రానే లేదు. ఆ వారం శనివారం ఒక్కపొద్దు ఉండే మా ఎలక్ట్రీషియన్ సంతోషంగా కోడికూర తిన్నాడు.

ఒకటి దాచకుండా చెప్పాలి. ఇదంతా విని ఎప్పుడూ మనసు ప్రశాంతంగా ఉంటుందనుకోవద్దు. 1997లో మా నాన్నగారు పోయారు, నాకు కబురు అందేసరికి షిప్ మహాసముద్రం మధ్యలో ఉంది, తర్వాతి రేవుకి పది రోజులు. దినాలకి కూడా అందలేదు. నెల రోజులకి పైగా మెట్లు నోరు మూసుకుని దిగాను, ఒక్క నామం కూడా అనలేదు, అనాలనిపించలేదు, పంతం. కానీ పంతొమ్మిదో మెట్టు దగ్గర కాలు దానంతటదే ఒక్క క్షణం ఆగేది. నేను చెయ్యమనలేదు, కాలికి అలవాటు. కోపంగా ఆ మెట్టు దాటేసేవాణ్ణి, మళ్లీ వాచీకి మళ్లీ ఆగేది. ఒక రోజు ఆగినప్పుడు తిట్టాను, ఉత్తరాంధ్ర భాషలో, అరుచుకుంటూ, ఇక్కడ రాయలేను. ఎవరికీ వినబడలేదు. తిట్టాక ఇరవయ్యోది అచ్యుతాయ నమః అని వచ్చేసింది నోటికి. అందుకే భక్తి కంటే ముందు అలవాటు పడనీ అంటున్నాను. మనసు మొండికేసిన రోజుల్లో నన్ను లాగింది కాలే.

ఇంకో మాట, నీకు వాట్సాప్‌లో వచ్చే "పదకొండు మందికి పంపకపోతే కీడు" రకం మెసేజ్‌లు భయపెడుతున్నాయని రాశావు. తీసెయ్. ఆ పంపేవాళ్లని కూడా మ్యూట్‌లో పెట్టు, మీ పెద్దమ్మ అయినా సరే.

ఇప్పుడు దీపం. జర్మనీలో పడకగదుల్లో పొగ అలారం తప్పనిసరి, అగరొత్తులు, కర్పూరం ఆ గదిలో వద్దు, నిద్ర కళ్లతో వత్తి వెలిగించి పడుకుంటే ఇంకా ప్రమాదం. పైగా సంధ్యవేళ అంటే ఏది? డిసెంబరులో నాలుగింటికే చీకటి, నువ్వు క్లాసులో ఉంటావు. జూన్‌లో పొద్దు గూకేసరికి పది కావస్తుంది. మా నాయనమ్మ ఏం చేసేదో చెబుతా, చీకటి పడి ఇంట్లో మొదటి లైటు స్విచ్ వెయ్యగానే ఎక్కడ ఉన్నా చెయ్యి తుడుచుకుని లైటుకి దణ్ణం పెట్టేది. మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు చేసే ఉంటారు, గుర్తు చేసుకో. ఆవిడ పుట్టినప్పుడు ఆ ఇంట్లో కిరోసిన్ దీపం ఉండేది, తర్వాత బల్బు వచ్చింది, తర్వాత ట్యూబులైటు, ఆవిడ దేన్నీ తక్కువ చెయ్యలేదు. నువ్వు రాత్రి ఎన్నింటికి గదికి వచ్చినా స్విచ్ వేస్తావు. చేతులు జోడించు. ఫ్లాట్‌మేటు నిద్రపోతుంటే టేబుల్ ల్యాంపుకి పెట్టు.

అప్పుడు అమ్మ "దీపం పెట్టావా నాన్నా" అంటే, "లైటు వేసి దణ్ణం పెట్టుకున్నానమ్మా, నాయనమ్మ పెట్టుకునేదే, అలా" అని ఉన్నది ఉన్నట్టు చెప్పు. కొంచెం బాధపడొచ్చు, ఒకటి రెండు రోజులు నీకు ఇత్తడి కుందులు కొరియర్ చేస్తానంటుంది, వద్దను. నేను మా అమ్మకి నిజం చెప్పడానికి నాలుగేళ్లు పట్టింది. సెలవులో వచ్చినప్పుడు మెట్ల సంగతి చెబితే ఆవిడ అన్నదల్లా, "మరి నూనె మెట్లు కదరా, చెప్పులు గట్టివి కొనుక్కున్నావా" అని.

ఇప్పుడు మాది మూడో అంతస్తు. మోకాళ్లు పోయాయి, మెట్లు ఎక్కితే మా ఆవిడ ఊరుకోదు, లిఫ్టులోనే వెళ్తాను. లిఫ్టు మూడో అంతస్తుకి చేరేసరికి పద్మనాభాయ నమః దాకానే అవుతుంది. మిగతా పదమూడూ తలుపు తాళం తీస్తూ, చెప్పులు విడుస్తూ చెప్పుకుంటాను.